గీత మునిగితే పడవ కదలదు

మా గోదారి జిల్లాల్లో ఏరంటే భయం వరదల్లోనే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు మా వైపు బడిపిల్లలకి కూడా నోటికొచ్చు. మే నెలకి అలాంటి హెచ్చరికలేమీ ఉండవు. ఏప్రిల్ దాటేసరికి కాలువలు కట్టేస్తారు. అడుగున మిగిలిన మడుగుల్లో పిల్లలు బురద పూసుకుని మట్టగిడసలు, కొరమేనులు పడుతుంటారు. బ్యారేజీకి దిగువన పాయలన్నీ ఇసుక తిన్నెలయిపోతాయి. ఎక్కడ చూసినా మోకాలి లోతే. ఆ మోకాలి లోతులో పది అడుగులు వేస్తే ఇసుక తవ్వి వదిలేసిన గొయ్యి. పైనుంచి చూస్తే రెండు చోట్లా నీళ్ళు ఒకే రంగు. బడులకి సెలవులు, అమ్మమ్మగారింటికి వచ్చిన పట్నం పిల్లలు, మధ్యాహ్నం పెద్దల కునుకు. పిల్లలు ఏట్లో పోయారన్న కబుర్లు నేను ఎక్కువగా విన్నది ఎండాకాలంలోనే.

మాది సఖినేటిపల్లి దగ్గర పల్లె. అవతలి ఒడ్డు నరసాపురం, మధ్యలో వశిష్ఠ. కాలేజీకి, ఆసుపత్రికి, సినిమాకి, పెళ్ళి బట్టలకి అన్నిటికీ ఏరు దాటాల్సిందే. పంటు మీద మనుషులతో పాటు సైకిళ్ళు, కొబ్బరి బస్తాలు, గడ్డిమోపులు, ఒక్కోసారి ఈనడానికి సిద్ధంగా ఉన్న గేదె కూడా దాటేది. వేసవిలో పైనుంచి మంచినీళ్ళు రాక ఏరు ఉప్పగా అయిపోయేది. పోటు వేళ నీళ్ళు సముద్రం వైపు నుంచి ఎదురు పారేవి. పాటు వేళ దిగిపోయి మేటలు తేలేవి. అప్పుడు పంటు తిన్నగా పోవడానికి లేదు, మేటల్ని చుట్టుకుని పోవాలి. కొత్తవాళ్ళు విసుక్కునేవారు. రేవుకి అలవాటైనవాళ్ళు పోటు పాటు చూసుకునే ఇంట్లోంచి బయల్దేరేవారు.

మా అమ్మకి చిన్నాన్న వరసైన తాతకి ఒక నాటు పడవ ఉండేది. చేపల వేటకి, అవసరమైతే మనుషుల్ని దాటించడానికి. వేసవి వచ్చిందంటే పడవని ఒడ్డుకి లాగి, కొబ్బరి దుంగల మీద బోర్లించేవాడు. సెలవుల్లో మాకు అదే పని. పాత తారు గీకడం, చెక్కల సందుల్లోంచి కుళ్ళిన పీచు ఊడబెరకడం, కొత్త పీచు ఉలితో లోపలికి కొట్టడం. తర్వాత డబ్బాలో తారు కాచేవాడు. ఆ వాసన మూడు నాలుగు రోజులు జుట్టులోంచి పోయేది కాదు, అమ్మ అన్నం దగ్గరికి రానిచ్చేది కాదు. తారు ఆరాక ఆఖరి పని మాత్రం మాకు ఇచ్చేవాడు కాదు. చిన్న సీసాలో దాచుకున్న తెల్ల పెయింటు తీసి, పడవకి రెండు పక్కలా, అంచు నుంచి జానెడు కిందికి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక గీత గీసేవాడు. చెయ్యి వణికేది కాదు.

“ఏంట్రా సూత్తన్నావ్? ఈ గీత మునిగిందంటే ఇంకోడు ఎక్కడానికి లేదు. మీ నాన్నొచ్చినా దింపేత్తాను.”

అన్నంత పనీ చేసేవాడు. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం నాడు రేవు ఇసకేస్తే రాలనట్టుండేది. నరసాపురం నుంచి వచ్చే జనానికి పంటు చాలక పడవల మీద పడేవారు. తాత గెడ అడ్డంగా పట్టుకుని ఒడ్డున నిలబడి, మనుషుల మొహాలు కాదు, పడవ పక్క చూస్తూ ఎక్కించేవాడు. గీత తడిసిందా, గెడ దించేవాడు. ఒక తీర్థానికి మా ఇంటి అల్లుడే, కొత్త పట్టుపంచెతో, అప్పటికే ఎక్కి కూర్చున్నవాడు, దిగాల్సి వచ్చింది. ఆ అలక వదలడానికి సంక్రాంతి దాకా పట్టింది. ఆ ముసలాయనకి అక్షరం ముక్క రాదు. బ్రిటన్‌లో సామ్యూల్ ప్లిమ్సాల్ అనే పార్లమెంటు సభ్యుడు ఏళ్ళ తరబడి పోరాడితే 1876లో ఓడలకి ఇలాంటి గీత తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చిందని, ఇప్పటికీ ప్రపంచమంతా సరుకు ఓడల పక్కన ఆ గుర్తు ఉంటుందని, నేను మాస్టారినయ్యాక ఎక్కడో చదివాను. అప్పటికి తాత లేడు. ఉంటే మాత్రం, “మరి దానికి పోరాటం ఎందుకంటా?” అనుండేవాడు.

ఈత కూడా ఆయనే నేర్పాడు. రెండు ఎండు కొబ్బరికాయలు, పీచు లాగి ముడేసి, ఛాతీ కింద పెట్టి నీళ్ళలోకి తోసేవాడు. కొన్నాళ్ళకి ఒక కాయ తీసేసేవాడు. ఆ తర్వాత రెండోదీ పోయేది. అందరికీ అలాగే వచ్చింది. కానీ ఈతతో పాటు ఆయన పెట్టిన ఆంక్ష ఒకటుంది, అది మిగతా ఊళ్ళో ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఎవడైనా మునుగుతుంటే దూకకూడదు. ముందు గెడ అందించాలి. గెడ లేకపోతే తాడు, తాడు లేకపోతే పైపంచె. అదీ నిలబడి కాదు, ఒడ్డున బోర్లా పడుకుని. మునిగేవాడు కాళ్ళూ చేతులూ ఏది దొరికితే అది పట్టుకుంటాడు, గజ ఈతగాణ్ణి కూడా కిందకి లాగేస్తాడు. “ఒకణ్ణి ఏడవాల్సిన ఇంట్లో ఇద్దర్ని ఏడిపిత్తారా?” అనేవాడు.

1986 ఆగస్టు వరదకి నేను నరసాపురం వై.ఎన్. కాలేజీలో చదువుతున్నాను. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయని తర్వాత లెక్క తేలింది. మాకు తెలిసిందల్లా రాత్రికి రాత్రి లంకలు కనపడకుండా పోవడమే. అరటి బోదెలు నాలుగు పక్కపక్కన పెట్టి, అడ్డంగా వెదురు గుచ్చి తెప్పలు కట్టారు. వాటి మీద ముసలివాళ్ళని, మేకల్ని, బియ్యం మూటల్ని గట్టుకి చేర్చారు. తాత పడవ ఆ రోజుల్లో కూడా గీత దాటలేదు. పెంకుటింటి కప్పు మీద ఎనిమిది మంది ఉంటే ఐదుగుర్ని దించుకుని, మిగతావాళ్ళు బూతులు తిడుతున్నా వినకుండా తోసుకుంటూ వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చాడు. అందరూ గట్టెక్కారు. కానీ తిట్టినవాళ్ళలో ఒకాయన చనిపోయేదాకా ఆయనతో మాట్లాడలేదు.

ఉద్యోగం నన్ను రాజమండ్రి తెచ్చి పడేసింది. లెక్కల మాస్టారిని, ఇల్లు కోటిలింగాల రేవుకి నడిచిపోయేంత దూరం. ఇక్కడి ఏరు వేరు. బ్యారేజీ అడ్డం ఉండటం వల్ల ఎండాకాలంలోనూ రేవుల్లో నిండుగా నీళ్ళుంటాయి. పైన సీలేరు నుంచి దాళ్వా పంటకి వదిలే నీళ్ళూ వచ్చి చేరతాయి. తెల్లారకుండానే ఈతకి వచ్చే జనం ప్రతి రేవులోనూ ఉంటారు. దుకాణాల వాళ్ళు, రిటైరైన ఉద్యోగులు, ఒకరిద్దరు డాక్టర్లు. అలా చేరిన మా గుంపులో ఒక అగ్నిమాపక శాఖ రిటైర్డ్ ఉద్యోగి ఉన్నారు, ఒక పిల్లల డాక్టరుగారు ఉన్నారు, రేవులోనే పుట్టి పెరిగిన పడవాయన ఒకడు ఉన్నాడు. ఈత కొట్టడం, ఒడ్డున కూర్చుని రాజకీయాలు మాట్లాడటం, ఇడ్లీ తిని ఇళ్ళకి పోవడం. చాలా ఏళ్ళు అంతే.

2018 వేసవి మా కబుర్లు మార్చేసింది. మే 11న దేవీపట్నం మండలంలో ఒక పర్యాటక బోటు మంటల్లో కాలిపోయింది. అదృష్టం బాగుండి అందరూ బయటపడ్డారు. అది జరిగిన నాలుగు రోజులకే, 15వ తేదీ సాయంత్రం, మంటూరు దగ్గర లాంచీ మునిగింది. కొండమొదలు వైపు గిరిజన గూడేల జనం రోజూ ఎక్కే లాంచీ. ఈదురుగాలి, వాన. తడిసిపోతామని తలుపులు, కిటికీలు వేసుకున్నారు. లాంచీ బోల్తా పడ్డాక ఆ తలుపులు తీసుకుని బయటికి రావడం లోపలున్నవాళ్ళ వల్ల కాలేదు. జూలై 14న పశువుల్లంక దగ్గర గౌతమిలో, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి నాటు పడవ తిరగబడింది. అందులో ఉన్నది బడి నుంచి ఇళ్ళకి పోతున్న పిల్లలు. మా డాక్టరుగారు ఆ వారమంతా నీళ్ళలోకి దిగలేదు, మెట్ల మీద కూర్చుని వెళ్ళిపోయారు. ఒక రోజు లేచి, “వచ్చే వేసవికి పిల్లల్ని పిలుద్దామండీ, ఊరికే ఈత కొట్టి ఏం చేస్తాం” అన్నారు.

అలా 2019 మేలో మొదలైంది మా తరగతి. దానికి పేరు లేదు, రసీదు పుస్తకం లేదు. మొదటి మూడు రోజులూ పిల్లల్ని నీళ్ళు తాకనివ్వలేదు. తల్లిదండ్రులకి ఒళ్ళు మండింది.

“ఈత నేర్పుతారని పంపితే మావాడి చేత తాడు ముళ్ళు వేయిస్తారేంటండీ మాస్టారూ?” అని ఒకావిడ నిలదీసింది.

“ఆవిడ చేత కూడా వేయించండి” అన్నాడు అగ్నిమాపక పెద్దాయన, నా వెనక నుంచి.

మా సామాను ఏమంత లేదు. పొడుగాటి వెదురు గెడలు, లారీ ట్యూబులు, ఇళ్ళకి మంచినీళ్ళు వచ్చే 20 లీటర్ల క్యాన్లు. ఖాళీ క్యాన్‌కి మూత బిగించి, అడుగున గుప్పెడు నీళ్ళు ఉంచి, పిడికి నైలాన్ తాడు కడితే చాలు. ఆ కాసిని నీళ్ళూ లేకపోతే గాలికి పక్కకి పోతుంది, విసిరినచోట పడదు. క్యాన్ పట్టుకుంటే పెద్దమనిషి కూడా తేలతాడు. నీళ్ళలో ఒక ప్లాస్టిక్ బకెట్టు తేలించి, దాన్ని దాటించి విసరమనేవాళ్ళం. మగపిల్లలు బలమంతా పెట్టి బకెట్టు మీదకే గురిపెట్టి కొట్టేవారు. మునిగేవాడి నెత్తి పగిలిపోతుంది అలా అయితే. దాటించి విసిరి, తాడు అతని భుజానికి తగిలేలా మెల్లగా లాక్కోవాలి. ఈ సంగతి ముందు పట్టుకున్నది నిలదీసిన ఆ తల్లే. తర్వాత చీర పమిటతో లాగడం కూడా ఆవిడే చేసి చూపించింది. మెట్టు మీద బోర్లా పడుకుని, వెనక ఇద్దరు ఆడపిల్లల్ని కాళ్ళు పట్టుకోమని, చీర కొస విసిరింది. రేవులో బట్టలుతుకుతున్న వాళ్ళంతా పని మానేసి చూశారు. నాకు తాత గుర్తొచ్చాడు. ఆయన చెప్పిన మాటే వేరే దేశాల్లో పుస్తకాల్లో అచ్చేసి నేర్పుతున్నారని పెద్దాయన చెబుతుంటే వింటూ కూర్చున్నాను.

డాక్టరుగారి పాఠం అన్నిటికంటే కష్టమైంది. పిల్లలకి కాదు, పెద్దలకి. మునిగినవాణ్ణి బయటికి తీస్తే మన వైపు ఏం చేస్తారు? బోర్లా వేసి వీపు మీద తొక్కుతారు, పొట్ట నొక్కి నీళ్ళు కక్కిస్తారు, తల మీద పెట్టుకుని గిరగిరా తిప్పుతారు. అవన్నీ వద్దనేవారు ఆయన. పొట్టలో నీళ్ళ సంగతి తర్వాత, ముందు ఊపిరి. వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లోకి ఊపిరి ఊదాలి. గుండె ఆడకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కాలి, 30 నొక్కులకి రెండు ఊపిర్లు. గోనెసంచిలో ఇసుక కూరి బొమ్మ చేశాం. ఒక ముసలమ్మ మెట్ల మీద కూర్చుని అంతా విని, “మా ఆయన్ని కుమ్మరి సారె మీద పెట్టి తిప్పితే బతికేడు బాబూ” అంది. డాక్టరుగారు ఏమీ అనలేకపోయారు. బతికిన మనిషి గురించి ఏం వాదిస్తాం?

నీళ్ళలోకి దిగాక మొదట నేర్పింది చేతులు ఆడించడం కాదు, వెల్లకిలా తేలి ఆకాశం చూడటం. అదీ రోజూ వేసుకునే బట్టలతోనే. నీళ్ళలో పడేవాళ్ళెవరూ ఈత దుస్తులు వేసుకుని పడరు కదా. పంజాబీ డ్రెస్సులో ఉన్న ఆడపిల్లలకి చున్నీ నడుముకి చుట్టుకోమన్నాం. బంగ్లాదేశ్‌లో ఊరి చెరువుల్లో వెదురు మంచెలు దించి, వాటి మీద చిన్నపిల్లలకి తేలడం, కొద్ది దూరం ఈదడం, తోటివాణ్ణి కర్రతో లాగడం నేర్పుతున్నారు. అదీ మనలాంటి డెల్టాయే, అక్కడా ఇంటి వెనక చెరువే ప్రమాదం. మా పడవాయన ఆ ఫోటోలు ఫోన్‌లో చూసి మర్నాటికల్లా నాలుగు వెదుళ్ళతో మంచె కట్టుకొచ్చాడు.

ఆ ఏడాది సెప్టెంబరు 15 ఆదివారం. కచ్చులూరు.

దాని గురించి రాయడానికి ముందు పాపికొండల లాంచీ గురించి చెప్పాలి. 1973లో ‘అందాల రాముడు’ వచ్చినప్పటి నుంచీ గోదారి మీద లాంచీ ప్రయాణం తెలుగువాళ్ళకి ఒక కోరిక, 2006లో ‘గోదావరి’ వచ్చాక మరీ. బంధువులెవరు వచ్చినా రాజమండ్రి వాళ్ళకి తప్పని డ్యూటీ అది. పొద్దున్నే ఎక్కించగానే ఉప్మా. కింది డెక్కులో సినిమా పాటలు, మైకు పట్టుకుని డాన్సులు చేయించే కుర్రాడు. లైఫ్ జాకెట్లు? ఉండేవి. ఒక లాంచీలో నేను చూసినప్పుడు ఓ మూల కుప్పగా ఉన్నాయి. వాటి మీద తల పెట్టి ఒకాయన నిద్రపోతున్నాడు. కొండలు దగ్గరయ్యేసరికి మైకు కుర్రాడు “అందరూ కుడివైపు చూడండీ” అనేవాడు. పై డెక్కు మీద జనమంతా సెల్ ఫోన్లు పట్టుకుని కుడివైపుకే. లాంచీ ఒరిగేది. సరంగు కేకలేసేవాడు. అందరూ నవ్వేవారు.

ఆ ఆదివారం ఏట్లో ఐదు లక్షల క్యూసెక్కుల వరద పారుతోంది. కచ్చులూరు దగ్గర మునిగిపోయిన ‘రాయల్ వశిష్ట’ బోటులో 77 మంది. ఒడ్డుకి బతికి చేరింది 26 మంది. వాళ్ళనీ అధికారులెవరో కాదు, ఆ ఒడ్డు గూడెం గిరిజనులు నాటు పడవల్లో సుడుల మధ్యకి వెళ్ళి లాక్కొచ్చారు. రాత్రి రాజమండ్రి ప్రభుత్వాసుపత్రి ముందు నేను నిలబడ్డాను. అంబులెన్సు వచ్చినప్పుడల్లా జనం ఒక్కసారిగా తలుపు దగ్గరికి వచ్చేవారు, దిగింది తమవాళ్ళు కాకపోతే వెనక్కి జరిగి మళ్ళీ గోడకి ఆనుకునేవారు. వరంగల్ వైపు మాట, హైదరాబాదు మాట, విశాఖ మాట, అన్ని యాసలూ ఆ ఆవరణలో వినిపించాయి. కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం అడుగున కూరుకుపోయిన బోటుని లంగర్లు, ఇనుప తాళ్ళతో అక్టోబరు 22న పైకి లాగింది. ముప్పై ఎనిమిదో రోజున.

ఆగిపోయిన విహారయాత్రలు 2021లో మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి కంట్రోల్ రూములు వచ్చాయి. బోటు కదలాలంటే ఎవరెవరు ఎక్కారో జాబితా ఇవ్వాలి, జాకెట్ కట్టుకోనిదే లోపలికి పంపరు. కరోనా వెళ్ళాక మా తరగతి కూడా తిరిగి పుంజుకుంది. ఒక వేసవి చివర్లో పిల్లల్ని, వాళ్ళ తల్లుల్ని తీసుకుని గండి పోచమ్మ దగ్గర ఎక్కాం. ఎక్కేచోట తెల్ల చొక్కా ఆసామి ఒకాయన జాకెట్ చేత్తో పట్టుకుని, “మాది కోనసీమండీ బాబూ, నాకు ఈతొచ్చు. ఇది చిన్నపిల్లలకివ్వండి” అని వాదిస్తున్నాడు.

సరంగు తాపీగా అన్నాడు: “ఆయ్, ఈతొచ్చినోళ్ళకే ముందు కట్టాలండి. రానోళ్ళు ఎలాగూ అడిగి కట్టుకుంటారు.”

ఆసామి కట్టుకున్నాడు. ఊరికే తగిలించుకున్నాడంటే నిజం. మా పిల్లలు ఒకరికొకరు చూసుకునే పరీక్ష ఒకటుంది. జాకెట్‌ని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. గడ్డం దాటి పైకి వచ్చేస్తే అది నీళ్ళలో మనిషిని వదిలేసి తను తేలుతుంది. పక్క పట్టీలు బిగించాలి. ఆ పరీక్షకి నిలబడిన పెద్దవాళ్ళ జాకెట్లు ఆ బోటులో సగం కూడా లేవు.

నాకు మాత్రం ఇంకో దిగులుంది. ఏసీ గదులు కట్టి, అద్దాలు బిగించి, మనుషుల్ని జాకెట్లతో సహా లోపల కూర్చోబెడుతున్నారు కొన్ని బోట్లలో. అలాంటి గది తలకిందులైతే జాకెట్ మనిషిని పైకి లేపి కప్పుకి అదిమేస్తుంది, కిందికి మునిగి తలుపులోంచి బయటికి రానివ్వదు. మంటూరులో తలుపులు ఏం చేశాయో తెలిసినవాళ్ళకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. ఒక బోటు వాళ్ళతో అంటే, “ఏసీకి టికెట్టు ఎక్కువండి, తలుపు తీసుంచితే గొడవ చేస్తారు” అన్నారు. జాకెట్ కట్టించారు కాబట్టి పనైపోయిందనుకోవడం ఇప్పుడు కొత్త జబ్బు. ఎంతమంది ఎక్కారన్నది కాగితం మీద చూస్తున్నారు, పడవ పక్క చూసేవాళ్ళు తగ్గారు. కాగితం ఉండాలి, కాదనను. కానీ పడవ ఎంత కిందికి దిగిందో కాగితం చెప్పదు.

2025 సంక్రాంతికి ఆత్రేయపురంలో సర్ ఆర్థర్ కాటన్ పేరు మీద పడవ పోటీలు పెడితే మా పిల్లలు కొందర్ని తీసుకెళ్ళాను. లొల్ల లాకుల దగ్గర కాలువలో డ్రాగన్ బోట్లు, డప్పు దెబ్బకి ఒకేసారి లేచి పడే తెడ్లు. కేరళ వాళ్ళకే సొంతమనుకున్న సంబరం మన కాలువలో చూడటం బాగుంది. తెడ్డు వేసేవాళ్ళందరికీ జాకెట్లున్నాయి. గట్టు మీద పూతరేకులు తింటూ నీళ్ళలోకి వంగి చూసే వేలమందికి లేవు. మా వాళ్ళలో ఒక పిల్ల గట్టు పొడుగునా నడిచి, ఎక్కడెక్కడ గెడ అందుబాటులో ఉందో లెక్కేసి వచ్చింది. పూతరేకు కొనిపెట్టమంది తర్వాత.

ఇప్పుడు 2027 పుష్కరాల కబుర్లు నడుస్తున్నాయి. మా దగ్గర ఈత నేర్చుకున్న పిల్లలు, రేవుల్లో తాడు పట్టుకుని నిలబడే పని మాకివ్వండని వెంటపడుతున్నారు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళని నిలబెట్టకూడదని అగ్నిమాపక పెద్దాయన పట్టు. గజఈతగాళ్ళ కంటే వీళ్ళకే పద్ధతి తెలుసని డాక్టరుగారి వాదన. తేలలేదు. ఈలోగా రేవు మెట్ల దగ్గర స్తంభానికి మేం కట్టిన క్యాను, తాడు మళ్ళీ పోయాయి. క్యాన్ మంచినీళ్ళకి, తాడు బట్టలారేసుకోవడానికి. కొత్తది కొన్నాం. ఈసారి తాడుకి మూరకో ముడి వేసి కట్టాడు మా పడవాయన, బట్టలారేసుకోవడానికి వీలుగా ఉండకూడదని. క్యాన్‌కి అడుగున చిన్న మేకు గుచ్చి తారుతో మూశాడు. మంచినీళ్ళు పోస్తే తారు వాసన వస్తుందట.